జీడి ఫ్యాక్టరీ కాటా మీద ఓపెన్‌బాక్స్: ఐదేళ్ళ వాడకం తర్వాత

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో కాటా పక్కన గోడకి ఏడంగుళాల తెర ఒకటి బిగించి ఉంటుంది. పొట్టు తీసిన పప్పు పళ్ళెం కాటా మీద పెట్టగానే బరువు ఆ తెర మీద పడుతుంది. గుమస్తా మనిషి పేరు నొక్కుతాడు, చీటీ బయటకొస్తుంది. ఆ పెట్టె కట్టింది నేను. లోపల రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతంత కంప్యూటరు ఉంది, మెమరీ ఒక్క జీబీ. తెర 800×480 చుక్కలది. దాని మీద విండోలన్నీ నడిపించేది ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజర్. 2020 చివర్లో పెట్టాను. తర్వాత కాశీబుగ్గ వైపు ఇంకో రెండు పెట్టాను. మూడూ ఇవాళ్టికీ పని చేస్తున్నాయి కాబట్టి మంచీ చెడ్డా చెప్పే హక్కు నాకు వచ్చిందనుకుంటున్నాను.

విండో మేనేజర్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క మాట. ప్రోగ్రాములు కూలీలైతే ఇది మేస్త్రి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, కీబోర్డు మీద కొట్టిన అక్షరం ఎవరికి చేరాలి, అన్నీ దీని పనే. పెద్ద కంప్యూటర్లో దీని ఉనికి మనకి తెలీదు. ఏడంగుళాల తెర మీద మాత్రం దీని ప్రతి తప్పూ మొహాన కొట్టినట్టు కనిపిస్తుంది.

మొదట్లో నాకు కాస్త పొగరు. నడిచేది ఒక్క ప్రోగ్రామే కదా, ఒక్క కూలీకి మేస్త్రి దేనికి అని, లినక్స్‌లో తెర మీద బొమ్మ వేసే ఎక్స్ సర్వర్ మీద నేరుగా కాటా ప్రోగ్రాం వదిలేశాను. బరువు చూపించేంత వరకూ బాగానే ఉంది. కొత్త మనిషి పేరు చేర్చడానికి చిన్న పెట్టె ఒకటి తెరుచుకోవాలి. అది వెళ్ళి ఎడమ పక్క పై మూలన అతుక్కుంది. కదలదు, దాన్లో అక్షరం పడదు. మేస్త్రి లేకపోతే అక్షరం ఎవరికివ్వాలో చెప్పే నాథుడు లేడు మరి. రెండు రోజుల్లో పొగరు దిగింది.

తర్వాత మ్యాచ్‌బాక్స్ అనే ఇంకో విండో మేనేజర్ వేసి చూశాను. ఇది చేతిలో పట్టే యంత్రాల కోసమే పుట్టింది, 2005లో వచ్చిన నోకియా 770 దీని మీదే నడిచేది. ఒకసారికి ఒకే విండో, అది తెరంతా నిండి ఉండాలి. ఈ పద్ధతి నిజానికి చాలా బాగుంది. ఎవరికైనా ఒక్క ప్రోగ్రామే నడపాలంటే ఇప్పటికీ ముందు దాన్నే చూడమంటాను. కానీ మా యజమాని గారికి సాయంత్రం లెక్క తేల్చేటప్పుడు తెరలో సగం కాటా, సగం ఆ రోజు పద్దు పక్కపక్కన కనపడాలి. మ్యాచ్‌బాక్స్ దానికి ఒప్పుకోదు. దాని విండో మేనేజర్ తీసేశాను గానీ దాని తెర కీబోర్డు మాత్రం ఉంచుకున్నాను. ఆ సంగతి తర్వాత.

అలా ఓపెన్‌బాక్స్ దగ్గరికొచ్చాను. బ్లాక్‌బాక్స్ అనే పాత విండో మేనేజర్ దారిలో మొదలై, 3వ కూర్పుకి మొత్తం సీ భాషలో కొత్తగా రాసుకున్నది ఇది. చివరి విడుదల 3.6.1, అది 2015లో. అప్పటి రాస్ప్‌బెర్రీ పై డెస్క్‌టాప్‌లో వచ్చేదే ఇదే కాబట్టి నేను ప్రత్యేకంగా వెతుక్కున్నదేం లేదు, మెమరీ కార్డులో అప్పటికే ఉంది. పైనున్న ప్యానెల్, ఫైల్ మేనేజర్, లాగిన్ తెర అన్నీ పీకేసి దీన్నొక్కదాన్నే మిగిల్చాను. కరెంటు రాగానే లాగిన్ అడక్కుండా ఎక్స్ లేస్తుంది, దాని వెనకే ఓపెన్‌బాక్స్, దాని వెనక కాటా ప్రోగ్రాం. మెమరీలో ఓపెన్‌బాక్స్ తినేది 20 ఎంబీ కూడా ఉండదు. తిండి తక్కువ, పని ఎక్కువ. ఆ విషయంలో దాన్ని వంక పెట్టడానికి లేదు.

అసలు పనంతా తీసేయడంలోనే ఉంది. డెస్క్‌టాప్ కోసం రాసిన దాన్లో మౌసు పట్టుకున్న మనిషికి సుఖంగా ఉండాలని పెట్టిన సదుపాయాలు బోలెడు. కాటా దగ్గర అవే గోతులు. తెచ్చినప్పుడు దాన్లో నాలుగు డెస్క్‌టాప్‌లు ఉంటాయి, ఖాళీ చోట మౌసు చక్రం తిప్పితే ఒకదాన్నించి ఇంకోదానికి పోతుంది. టైటిల్ మీద చక్రం తిప్పితే విండో చాపలా చుట్టుకుపోయి టైటిల్ పట్టీ ఒక్కటే మిగులుతుంది. పెట్టిన మొదటి నెలలోనే పద్దు చూడ్డానికి గుమస్తా యూఎస్‌బీ మౌసు తగిలించాడు. అరగంటకి ఫోను. "సార్, సాఫ్ట్‌వేర్ పోనాది. పేరొక్కటే ఉంది, లోపలేటీ లేదు." టెక్కలి నుంచి బండేసుకుని వెళ్ళి చూస్తే ఏముంది, విండో చుట్టుకుపోయి ఉంది. చక్రం కిందికి తిప్పాను, వచ్చేసింది. అతను నన్ను మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు. నాకు మాత్రం సిగ్గేసింది, ఎందుకంటే ఇది ముందే చూసుకోవాల్సింది.

ఆ రాత్రి కూర్చుని ఆర్‌సీ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు మొత్తం చదివాను. ఓపెన్‌బాక్స్ బుర్రంతా ఆ ఒక్క ఫైల్లోనే ఉంటుంది. డెస్క్‌టాప్‌ల సంఖ్య ఒకటికి దించాను. మౌసు విభాగంలో చక్రం, మధ్య బొత్తం, ఆల్ట్ పట్టుకుని లాగడం అన్నీ తీసేశాను. కుడి నొక్కుకి వచ్చే మెనూ తీసేశాను. కీబోర్డు విభాగంలో నాకు మాత్రమే తెలిసిన ఒక్క జోడు మీటలు ఉంచి మిగతావి చెరిపేశాను. టైటిల్ పట్టీలో ఏయే బొత్తాలుండాలో ఒక చిన్న మాటలో రాసే వీలుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో బొత్తం. దాన్లో పేరుకీ, మూసే బొత్తానికీ ఉన్న అక్షరాలు రెండే మిగిల్చాను. ఫైలు మూడో వంతుకి వచ్చింది. ఓపెన్‌బాక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: తీసేసింది తీసేసినట్టే ఉంటుంది. ఈ ఐదేళ్ళలో ఏ సదుపాయమూ దానంతటది తిరిగి రాలేదు.

ఇక నన్ను నిజంగా ఏడిపించిన సంగతి. చీటీల ప్రింటర్లో కాగితం అయిపోతే తెర మీద ఎర్రటి హెచ్చరిక రావాలి. దానికి వేరే చిన్న ప్రోగ్రాం రాశాను. ఇంట్లో పరీక్షిస్తే వచ్చింది. ఫ్యాక్టరీలో రాలేదు. ఒక శనివారం సాయంత్రం, వారం కూలి లెక్క కట్టే వేళ, వరసలో నలభై మంది దాకా ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. గుమస్తా నొక్కుతున్నాడు, చీటీ రాదు. హెచ్చరిక ఉంది, కానీ కాటా విండో వెనక దాక్కుంది. నేనేమో కాటా విండోని ఫుల్‌స్క్రీన్ చేసి, హెచ్చరికని 'అన్నిటికన్నా పైన' అనే వరసలో పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఓపెన్‌బాక్స్‌లో ఆ 'పైన' వరస కన్నా పైన ఇంకో వరస ఉంది. అది ఫుల్‌స్క్రీన్ విండోలది. ఫోకస్, అంటే కొట్టిన అక్షరం చేరే హక్కు, ఆ విండోకి ఉన్నంతసేపూ దాన్ని దాటి మామూలుగా ఏ ఇతర విండో పైకి రాదు. ఇంట్లో నేను పరీక్షించింది ఫుల్‌స్క్రీన్ కాకుండా మామూలు విండోతో.

సినిమా చూసేవాడికి ఈ నియమం న్యాయమే, మధ్యలో ఏదీ అడ్డు రాకూడదు. చిన్న యంత్రానికి మాత్రం ఇది శత్రువు. విరుగుడు ఏమిటంటే ఫుల్‌స్క్రీన్ అనే మాటే మర్చిపోవడం. కాటా విండోకి టైటిలూ అంచూ తీసేసి, మ్యాక్సిమైజ్ చేసి పెట్టాలి. చూడ్డానికి తేడా ఉండదు, వరసలో మాత్రం మామూలు విండోలాగే ఉంటుంది. దానికి తోడు ఓపెన్‌బాక్స్‌లో మార్జిన్ అని ఒక సదుపాయం ఉంది. కింద 40 చుక్కలు ఖాళీ వదలమంటే మ్యాక్సిమైజ్ చేసిన విండోలు ఆ గీత దాటవు. ఆ 40 చుక్కల్లో సన్నటి పట్టీ ఒకటి శాశ్వతంగా పెట్టాను: టైము, ప్రింటరు సంగతి, కాటా తగిలి ఉందా లేదా. ఇప్పుడు హెచ్చరిక పైకి రాకపోయినా పట్టీ ఎర్రబడుతుంది. ఒకే ప్రోగ్రాంలోంచి పుట్టే చిన్న పెట్టెలకైతే తల్లి విండో ఏదో చెప్పి తీరాలి. చెబితే ఓపెన్‌బాక్స్ పిల్లని తల్లి పైనే కూర్చోబెడుతుంది. చెప్పకపోతే అనాథ, ఎక్కడ దాక్కుంటుందో దేవుడికెరుక.

తెర కీబోర్డు గొడవ ఇంకోటి. మీట నొక్కగానే ఫోకస్ కీబోర్డు విండోకే వెళ్ళిపోతే అక్షరం పడాల్సిన చోట పడదు. మ్యాచ్‌బాక్స్ కీబోర్డు తనకి ఫోకస్ అక్కర్లేదని ముందే చెప్పుకుంటుంది, ఓపెన్‌బాక్స్ ఆ మాట గౌరవిస్తుంది. రెండూ వేరే ఇళ్ళ పిల్లలైనా కాపురం సాఫీగా సాగుతోంది.

వేళ్ళ సంగతిలో ఓపెన్‌బాక్స్‌కి తక్కువ మార్కులే వేస్తాను. టైటిల్ పట్టీ ఎత్తు అక్షరం సైజుని బట్టి పెరుగుతుంది కాబట్టి ఫాంటు పెద్దది చేస్తే పట్టీ లావవుతుంది, బొత్తం కూడా. కానీ బొత్తం మధ్యలో ఉండే ఇంటూ గుర్తు మాత్రం చిన్న చుక్కల బొమ్మ, అది పెరగదు. పెద్ద పళ్ళెంలో ఒక్క పలుకు పెట్టినట్టుంటుంది. నొక్కితే పని చేస్తుంది, కానీ చూసినవాడు ఆ చిన్న గుర్తు మీదే వేలు పెట్టాలనుకుని తంటాలు పడతాడు. చివరికి ఆ బొమ్మ నేనే పెద్దగా గీసుకుని థీమ్‌లో పెట్టాను. విండో అంచు పట్టుకుని సైజు మార్చడం మీద ఆశ వదులుకోండి, వేలికి అంత సన్నపు అంచు దొరకదు. పద్దు సగం, కాటా సగం కావాలంటే పట్టీ మీద ఒక బొత్తం పెట్టి, ఎంత వెడల్పు ఎక్కడ అన్నది నేనే అంకెల్లో రాసిచ్చాను.

తెలుగు విషయంలో నింద ఎవరికి వెయ్యాలో తెలిసేసరికి నాలుగు వారాలు పట్టింది. మొదటి కాటా ప్రోగ్రాం పైథాన్‌లో, విండోలూ బొత్తాలూ గీసిపెట్టే టీకే తో రాశాను. పేర్లు తెలుగులో చూపిస్తే ఒత్తులు విడిపోయాయి. లక్ష్మి అన్న పేరు ముక్కముక్కలుగా వచ్చింది. ఒక అప్ప తెర దగ్గరికొచ్చి చూసి, "బాబూ, నా పేరు ఏటిలా ఇరగ్గొట్టేసినావు? గుండు తీసుకొచ్చి ఇత్తు బద్దలు సేసినట్టుంది" అంది. వరసంతా నవ్వులు. నేను ఓపెన్‌బాక్స్‌ని అనుమానించి ఫాంట్లు మార్చాను, లోహిత్, నోటో అన్నీ వేశాను. దాని టైటిల్ పట్టీలో అదే పేరు శుభ్రంగా వస్తోంది, ఎందుకంటే అది అక్షరాల పని, ఒత్తులు కలిపి గీసే పాంగో అనే పనిముట్టుకి అప్పజెబుతుంది. తప్పు టీకేది. లినక్స్‌లో అది మన ఒత్తులు కలపలేదు. ప్రోగ్రాం మొత్తం, పాంగోనే వాడే జీటీకేలోకి మార్చి రాశాను, పేర్లు అతుక్కున్నాయి. చీటీ ప్రింటర్‌కి తెలుగు రాదు, అది వేరే కథ. దానికి పేరుని బొమ్మగా గీసి పంపిస్తున్నాను.

కరెంటు కోతల గురించి చెప్పకపోతే మా వైపు సమీక్ష అనిపించుకోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ ఎలా పడుకోబెట్టిందో చూసినవాళ్ళం, గాలి వేస్తే కరెంటు ఉంటుందని ఎవరం అనుకోం. రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడవుతుంది కాబట్టి దాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, లెక్కలు యూఎస్‌బీ డ్రైవ్‌లో రాయిస్తున్నాను. ఓపెన్‌బాక్స్‌కి దీనితో ఇబ్బందేమీ లేదు, అది నడుస్తూ కార్డు మీద రాసేది దాదాపు శూన్యం. పై 3లో గడియారం ఉండదు కాబట్టి నెట్ లేనప్పుడు చీటీల మీద పాత తారీఖు పడి కూలి తగాదాలొచ్చేవి. చిన్న గడియారం మాడ్యూలు కొని అతికించాక అవి ఆగాయి.

ఒక తప్పు మాత్రం ఇంకా మిగిలే ఉంది. యజమాని గారి అబ్బాయి ఆ మధ్య బ్రౌజరు పెట్టమన్నాడు, పెట్టాను, అతను దాన్లో క్రికెట్ చూశాడు. ఒక జీబీ మెమరీ నిండిపోయి కాటా ప్రోగ్రాం చచ్చింది. ఓపెన్‌బాక్స్ చావలేదు, కాటా విండో పోయి ఖాళీ నల్ల తెర మిగిలింది. చచ్చిన ప్రోగ్రాంని తిరిగి లేపడం దాని పని కాదు, అది నేను విడిగా రాసుకోవాలి. ఇప్పుడు పోగానే మళ్ళీ లేస్తుంది. కానీ లేచే ఐదారు సెకన్లూ ఆ నల్ల తెర చూసి గుమస్తా ప్లగ్ పీకేస్తాడు. ఆ అలవాటు ఇంకా మాన్పించలేకపోయాను.

కొత్తగా కట్టేవాళ్ళకి ఒక సంగతి. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ వ్యవస్థ ఇప్పుడు ఎక్స్ వదిలేసి దాని బదులు వచ్చిన వేలాండ్‌కి మారిపోయింది, 2024 అక్టోబరు నుంచి అన్ని మోడళ్ళకీ లాబ్‌డబ్ల్యూసీ అనే మేస్త్రిని ఇస్తున్నారు. ఇది ఓపెన్‌బాక్స్‌ని చూసి రాసిందే. అదే పేరు ఫైలు, అదే థీముల పద్ధతి. నా పాత ఫైల్లోంచి మీటల భాగం, మౌసు భాగం దాదాపు అలాగే ఎక్కాయి. ఏ విండో ఎలా ఉండాలన్న భాగం మాత్రం వేరే రూపంలో తిరగరాయాల్సొచ్చింది. ఎక్స్ కోసం రాసుకున్న చిన్నచిన్న పనిముట్లు, విండోని బయటినుంచి కదిపేవీ, మౌసు బాణాన్ని దాచేవీ, ఏవీ అక్కడ పని చెయ్యవు. ఏ వేలు ఏ తెరకి చెందుతుందో చెప్పే పని మాత్రం అక్కడ తేలిక, అదే ఫైల్లో ఒక్క వాక్యం.

పాత మూడు పెట్టెల జోలికి నేను పోవడం లేదు. నాలుగోది మందస వైపు ఒకరు అడిగారు, గ్రేడింగ్ బల్ల దగ్గర పెట్టాలట, 180, 210, 240, 320 అని పప్పు సైజుల పేర్లతో నాలుగు పెద్ద బొత్తాలుండాలట. అది లాబ్‌డబ్ల్యూసీ మీద కడుతున్నాను. దాన్లో ముందు పరీక్షించబోయేది కాగితం అయిపోయిన హెచ్చరికే. ఈసారి ఇంట్లో కాదు, వాళ్ళ బల్ల దగ్గరే, రోలు సగంలో పీకేసి.