బ్రస్సెల్స్‌లో క్రీక్ తాగాలంటే ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోకూడదు

క్రీక్ అంటే చెర్రీ పళ్ళతో పులిసే పుల్లటి బెల్జియం బీరు. ఊరి నడిబొడ్డున ఉన్న గ్రాండ్ ప్లాస్ అనే పెద్ద కూడలి చుట్టుపక్కల టూరిస్టుల కోసం పెట్టిన కేఫ్‌లలో దాన్ని తాగి డబ్బులు పారేసుకోకండి. ఇది నా గట్టి సలహా.

2019లో నేను, మా ఆవిడ, బావమరిది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో వెళ్ళాం. రైలు, హోటలు దేనికీ వంక పెట్టక్కర్లేదు. చిక్కంతా మొదటి సాయంత్రం కూర్చున్న కేఫ్‌లోనే వచ్చింది. ఈ బీరు కోసం మా బావమరిది నెలల తరబడి ఎదురు చూశాడు. 'అసలైన సంప్రదాయ క్రీక్ ఇదే' అంటూ వెయిటర్ పావు లీటరు గ్లాసులు రెండు తెచ్చాడు. గ్లాసు 7.50 యూరోలు. చక్కెర తప్ప నాలుకకి ఏమీ తగల్లేదు, పెదాలు అంటుకుపోయాయి. పుల్లగా ఉండాలి కదా అని అడిగితే జవాబివ్వకుండా బిల్లు పెట్టి వెళ్ళిపోయాడు. చిన్న నీళ్ళ సీసాకి 4 యూరోలు కలిపి మొత్తం 19. "ఇంత దూరం వచ్చింది దీనికా బావా?" అన్నాడు మావాడు. ఆ రాత్రి సరిగా భోజనం కూడా చేయలేదు.

మర్నాడు బ్రస్సెల్స్‌లోనే ఆండర్‌లెఖ్ట్ అనే ప్రాంతంలో ఉన్న కాంతియోన్ బ్రూవరీకి, అంటే బీరు కాచే చోటికి వెళ్ళాం. మిడి రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ఆ వీధులు చూసి మా ఆవిడ కాస్త టెన్షన్ పడింది కానీ, పగటిపూట మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. 1900లో మొదలైన ఈ బ్రూవరీ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. మేం వెళ్ళినప్పుడు టికెట్ 7 యూరోలు, రుచి చూడటం అందులోనే. చేతికో చిన్న పుస్తకం ఇచ్చి, మీరే తిరిగి చూడండన్నారు.

పైకప్పు కింద వెడల్పాటి, లోతు తక్కువ రాగి తొట్టి ఉంటుంది. బార్లీ, గోధుమలతో కాచిన రసాన్ని వేడివేడిగా అందులో పోసి రాత్రంతా చల్లారనిస్తారు. విడిగా ఈస్ట్ కలపరు. గాలిలోనూ పీపాల చెక్కలోనూ ఉన్న సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. ఇలా తయారయ్యే బీరునే లాంబిక్ అంటారు. రాత్రి చలికి రసం చల్లారాలి కాబట్టి చలికాలంలోనే కాస్తారు. "మన తాటికల్లు కుండలో తనంతట తాను పులిసినట్టే!" అన్నాడు మావాడు. వాడి ముఖం అప్పుడు విప్పారింది. పీపాల మీది సాలెగూళ్ళు చూసి మా ఆవిడ ముఖం చిట్లించుకుంది. పళ్ళకోసం వచ్చే ఈగల్ని సాలీళ్ళు తింటాయి కాబట్టి వాటిని కావాలనే ఉంచుతారట. అది తెలిశాక ఫోటోలు తీసింది.

ఇక క్రీక్. లీటరు లాంబిక్‌కి దాదాపు 200 గ్రాముల పుల్ల చెర్రీలు వేసి పీపాల్లో నానబెడతారు. పండులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది కాబట్టి తీపి మిగలదు. మొదటి గుక్కకే దవడలు జివ్వుమన్నాయి. రెండో గుక్కకి చెర్రీ తెలిసింది, ఆ వెనకే గింజల్లోంచి వచ్చే బాదం వాసన, పాత చెక్క వగరు. మింగాక నోరు పొడిగా, శుభ్రంగా ఉంది. పండు పెట్టిన బీరంటే ఇదీ! మందు ముట్టని మా ఆవిడ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఉప్పూ కారం ఉంటే బాగుండేదంది.

షాపులో కొనేవాళ్ళు లేబుల్ తప్పకుండా చదవండి. కాంతియోన్ సీసాల మీద '100% లాంబిక్' అని ఉంటుంది. వేరే కంపెనీలదైతే 'ఔదె క్రీక్' (Oude Kriek, అంటే పాతకాలపు క్రీక్) అని ఉన్నదే తీసుకోండి. ఉత్త 'క్రీక్' అని మాత్రమే ఉంటే, తీపి కలిపారేమో చూసి మరీ కొనండి. బ్రూవరీకి ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకండి, ఆ పులుపుకి కడుపు మండుతుంది.