టీనేజ్ పిల్లల సోషల్ యాంగ్జైటీకి ఏది మేలు: మాత్రలా, థెరపీనా, రెండూనా?

మా అన్నయ్య కొడుకు ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా ఒకరోజు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, మీవాడు క్లాసులకి రావట్లేదని. వాడు రోజూ వెళ్తూనే ఉన్నాడు, మూడో బెంచీలో కూర్చుంటూనే ఉన్నాడు. సంగతేంటంటే వాడి రోల్ నంబర్ 38. ముప్ఫై దాటేసరికి గుండె దడ మొదలై, వాడి నంబర్ పిలిచేసరికి గొంతు పూడుకుపోయి, "ఎస్ సార్" అన్న రెండు ముక్కలు బయటికి రాక ఆబ్సెంట్ పడిపోయేది. ఇంట్లో మాత్రం నోరు మూయడు.

తెలిశాక ఇంట్లో మూడు పార్టీలయ్యాం. అన్నయ్య పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేర్పిద్దామన్నాడు, వదిన పెద్దయితే అదే పోతుందంది, నేను డాక్టరుకి చూపిద్దామన్నాను. ఏడాది పైనే తిరిగాం, కొంత డబ్బు తగలేశాం, ఏది దేనికి పనికొస్తుందో నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, డోసులు నన్నడగొద్దు.

ముందు వదిన మాట. మామూలు సిగ్గయితే అదే పోతుంది, నిజమే. కొత్త చోట పది నిమిషాలు ముడుచుకుని తర్వాత కలిసిపోయే పిల్లలకి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఆరు నెలలైనా తగ్గకుండా, నలుగురిలో ఏమనుకుంటారోనన్న భయంతో చదువో స్నేహాలో దెబ్బతింటుంటే మాత్రం ఊరుకోకూడదు, సోషల్ యాంగ్జైటీ అంటే అదే. ఇది మొదలయ్యేదే ఎక్కువగా పదమూడేళ్ళ ప్రాంతంలో, పైగా తప్పించుకున్న ప్రతిసారీ ఇంకాస్త బలపడుతుంది.

అన్నయ్య మాట ప్రకారం వర్క్‌షాప్‌కీ పంపాం. మొదటిరోజే స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చి "నీ గురించి చెప్పు" అన్నారట. రెండోరోజు వాడు వెళ్ళలేదు, కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. బావిలోకి తోస్తేనే ఈత వస్తుందంటారు గానీ, తోసేముందు నడుముకి బెండ్లు కడతారు కదా.

అసలు పోటీ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అనే థెరపీకీ మాత్రలకీ మధ్యే.

సీబీటీ అంటే ఎదురుగా కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం అనుకున్నాం, కాదు. వాడికి భయమున్న పనులన్నీ తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా వరసగా రాయించి, ఒక్కోటి బయటికెళ్ళి చేసి రమ్మంటారు. వాడి లిస్టులో మూడోది టిఫిన్ సెంటర్లో రెండోసారి చట్నీ అడగడం. వెళ్ళేముందు నోట్‌బుక్కులో రాసుకున్నాడు: ఆయన విసుక్కుంటాడు, అందరూ నావైపు చూస్తారు, గొంతు వణుకుతుంది, భయం నూటికి 80. వచ్చాక పక్క గళ్ళో రాసింది నాకింకా గుర్తే: "వణికింది. ఎవరూ చూడలేదు. అల్లం చట్నీ కూడా వేశాడు."

అక్కడితో అవలేదు. మర్నాడు అదే పని ఇయర్‌ఫోన్స్ తీసేసి, ఫోన్ చూస్తున్నట్టు నటించకుండా, అడగాల్సిన మాట మనసులో పదిసార్లు వల్లె వేసుకోకుండా చేయమన్నారు. ఇవి ఉన్నంతకాలం "ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి కాబట్టి బతికిపోయా" అనుకుంటాడు తప్ప, భయపడింది జరగలేదని మనసుకెక్కదట. 1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పిన లెక్క ఇదే: మనిషి ఎదుటివాళ్ళని చూడడం మానేసి లోపల తన వణుకునే చూసుకుంటూ, బయటికీ అంతే కనిపిస్తోందనుకుంటాడు. వాడు మాట్లాడుతుండగా వీడియో తీసి చూపించారు. మేకలా అరుస్తున్నాననుకున్నవాడు అది చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అంకెలు కూడా చూద్దాం. 2008లో అమెరికాలో క్యామ్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి, 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 488 మంది. 12 వారాల తర్వాత బాగా మెరుగుపడింది సీబీటీ, సెర్ట్రలిన్ మాత్ర రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో 81 శాతం, సీబీటీ ఒక్కటే అయితే 60, మాత్ర ఒక్కటే అయితే 55, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 24. అయితే అందులో వేరే రకం ఆందోళనలున్న పిల్లలూ ఉన్నారు. అచ్చంగా సోషల్ ఫోబియా (సోషల్ యాంగ్జైటీకే ఇంకో పేరు) ఉన్న పిల్లల మీద 2007లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఇలా బయట సాధన చేయిస్తూ నలుగురితో మెలగడం నేర్పిన పిల్లల్లో 79 శాతం, ఫ్లూక్సెటిన్ మాత్ర వాడినవాళ్ళలో 36 శాతం బాగుపడ్డారు. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం మేలో చెప్పే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పిల్లలకి ముందు సీబీటీయే అంటాయి, మందులు మామూలుగా మొదలుపెట్టొద్దంటాయి.

కాగితం మీద థెరపీ గెలిచినట్టే. కానీ మన దగ్గర చిక్కేంటంటే, సీబీటీ సరిగ్గా నేర్చుకున్నవాళ్ళు పెద్ద ఊళ్ళు దాటితే దొరకడం కష్టం, వారంవారం బస్సెక్కి వెళ్ళాలి, ప్రతిసారీ ఫీజు. సైకియాట్రిస్టు జిల్లా ఆసుపత్రిలోనైనా ఉంటారు, చీటీ రాసిస్తారు. అందుకే చాలా ఇళ్ళలో మాత్ర ఎంచుకోవడమంటూ ఉండదు, దొరికింది అదీ అంతే. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని మొహమాటపడకుండా అడగండి. గది బయట ఏం చేయిస్తారనీ అడగండి. ఎటు వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మాత్రల మీద వదిన భయం "అలవాటైపోతుంది" అని. ఆ భయం పెట్టుకోవాల్సింది ఆల్‌ప్రజోలమ్ లాంటి వాటి గురించి, అవి వేసిన కాసేపట్లో హాయిగా ఉంటుంది, నిజంగానే అలవాటవుతాయి. సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ అలాంటివి కావు. గుణం కనిపించడానికే కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పడం, నిద్ర చెడడం, చిరాకు ఉండొచ్చు. బాగుంది కదా అని సొంతంగా టక్కున ఆపకూడదు. ఒక్కటి మాత్రం తల్లిదండ్రులకి తెలియాలి: పిల్లల్లో ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికాలో మందుల్ని అనుమతించే ఎఫ్‌డీఏ 2004లో గట్టి హెచ్చరిక పెట్టింది. అప్పటి పరీక్షల్లో మందు వాడినవాళ్ళలో అది 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 2 శాతం, ప్రాణం పోయినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి మొదటి వారాల్లో పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, మార్పు కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

నా మటుకు నాకు తేలింది ఇది: పిల్లవాడు భయపడుతూనైనా టిఫిన్ సెంటర్ దాకా వెళ్ళగలిగితే సీబీటీతో మొదలుపెట్టండి. గడపే దాటలేకపోతే, దిగులు కూడా కమ్మేస్తే, మాత్ర ఆలస్యం చేయొద్దు, దాని సాయంతో థెరపీలో మొదటి మెట్టు ఎక్కుతాడు. మావాడు నాలుగు నెలలు బాగా నడిచి ల్యాబ్ వైవా దగ్గర ఆగిపోయాడు, అప్పుడు సెర్ట్రలిన్ కలిపారు, రెండు నెలలకి కదిలాడు.

మాత్రా థెరపీ కాని మూడోది ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. మొదటి సిట్టింగ్‌లో సైకాలజిస్టు "నీ పేరేంటి నాన్నా" అంటే వదిన టక్కున చెప్పేసింది. ఏ కాలేజీ అంటే అదీ వదినే. ఆవిడ నవ్వి "నేను బాబుని అడిగానండీ" అంది. ఆటో బేరం, డాక్టరు ప్రశ్నలు, చుట్టాల పలకరింపులు అన్నిటికీ వాడి నోరు వదినే. అమెరికాలో యేల్ యూనివర్సిటీవాళ్ళకి స్పేస్ అని ఒక పద్ధతే ఉంది, పిల్లల్ని కాదు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఇలాంటివి మానిపిస్తారు, 7 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో అది సీబీటీకి తీసిపోలేదని తేలింది. వదినకి ఇది మాత్రల కంటే కష్టమైంది. వాడు సమాధానం వెతుక్కుంటున్న ఆ పది సెకన్లూ చీర కొంగు నలుపుతూ కూర్చునేది.

ఇప్పుడు వాడు సెకండియర్, సెక్షన్ మారి రోల్ నంబర్ 4 అయింది. "టెన్షన్ పడే టైమే లేదత్తా, అసలు మందు ఇదే" అంటాడు.