వట్టివేరు: నీళ్లు అడగదన్నది ఎంతవరకు నిజం?

తిరుపతి ఎండల్లో నీళ్లు పోయకపోయినా వట్టివేరు గడ్డి చావదని అందరూ అంటారు. నేలలో నాటితే ఆ మాట నిజమే. గోడవార మొరం నేలలో జానెడు ఎడంతో పెట్టిన పిలకలు వానల్లో నిలదొక్కుకున్నాయి. మరుసటేడు ఎండాకాలం బిందెడు నీళ్లు పోయకుండానే గట్టెక్కాయి. ఆకుల కొసలు మాడాయి అంతే. వానలు మొదలవగానే అడుగు ఎత్తున కోసేస్తే మళ్లీ చిగిర్చాయి.

నాకు పేచీ వేరు దగ్గరే. నిమ్మగడ్డికి వచ్చినట్టు దీని ఆకు నలిపితే ఏ వాసనా రాదు, పరిమళమంతా వేరులోనే. అదేమో పక్కలకు పాకకుండా నిటారుగా దిగిపోతుంది, రెండు మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. గడ్డపారతో పెళ్లగిస్తే మొరంలో తెగి, పైనున్న గుప్పెడు కుచ్చు మాత్రం చేతికొస్తుంది.

బస్తాలో పెంచితే ఈ బాధ లేదు. ఖాళీ సిమెంటు బస్తాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అడుగున చిల్లులు పెట్టి, 2 పాళ్లు ఇసుక, 1 పాలు ఎర్రమట్టి, 1 పాలు బాగా మాగిన పశువుల ఎరువు నింపి, బస్తాకు 3 పిలకలు నాటాలి. 15 నుంచి 18 నెలలయ్యాక, సంక్రాంతి దాటిన పొడి రోజుల్లో బస్తాను నిలువునా చీల్చి పైపుతో నీళ్లు కొట్టాలి. ఇసుక జారిపోయి వేరు మొత్తం జడలా బయటపడుతుంది. అది చూస్తే పడిన పాటంతా మరిచిపోతాం. తొందరపడి ఏడాది లోపే తీస్తే వేరు సన్నం, వాసనా తక్కువ. ఆరబెట్టడం నీడలోనే.

కాకపోతే నీళ్లు అడగదన్న మాట బస్తాలో చెల్లదు. కరువుకు ఓర్చే బలం దానికి లోతుకు దిగే వేరు వల్లే వస్తుంది, బస్తాలో రెండడుగులకే అడుగు తగులుతుంది. మే నెలలో మిద్దె మీద రెండు రోజులకోసారి పోయాల్సిందే. పైగా ఎండకు బస్తా పెళుసెక్కి, జరపబోతే చిరుగుతుంది. బస్తా అడుగుభాగం కోసేసి నేల మీద నిలబెడితే నీళ్ల పని తగ్గుతుంది గానీ, కింది వేరు మళ్లీ తెగుతుంది.

వాసన మూలికల అంగడిలో కొన్న వేరంత ఘాటుగా లేదు. తాగే నీళ్ల కుండలో వేసుకోవడానికి చాలు, తడికెలు అల్లేంత రాదు. మాకు బోరుంది కాబట్టి బస్తాలే నయం. ట్యాంకరు నీళ్లు కొనేవాళ్లు నేలలో గట్టు వెంట నాటుకుని, వేరు మీద ఆశ వదులుకోవడం మేలు.

వేరు కోశాక మొదలు పారేయకండి. రెండంగుళాల వేరు, జానెడు కాడ ఉంచి పిలకలు విడదీసి వెంటనే నాటితే, నెల రోజులు తడి ఆరకుండా చూసుకుంటే చాలు, కొత్త నారు కొనే పని ఉండదు.