అగ్రి-ఫ్యాబ్ 48 అంగుళాల ప్లగ్ ఏరేటర్: పెద్ద లాన్ ఉన్నవాళ్ళకి

ప్లగ్ ఏరేటర్ అంటే గట్టిపడ్డ లాన్‌లోంచి చిన్న చిన్న మట్టి ముక్కలు పెకలించి, వేళ్ళకి గాలీ నీరూ అందేలా చేసే పరికరం; మోవర్ వెనక తగిలించి లాగాలి. అమెరికాలో అరెకరం పైన లాన్, రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం) రెండూ ఉంటే ఏటా అద్దెకి తెచ్చుకోవడం కంటే ఇది కొనుక్కోవడమే నయం. మట్టి ముక్కల్ని పెకలించే చెంచాలు 32. పైనున్న ట్రేలో బరువు పెట్టకపోతే అవి నేలని గీరి ఊరుకుంటాయి, అంతే. కాంక్రీటు దిమ్మెలు పెట్టి పట్టీతో బిగించండి. 175 పౌండ్లు దాటొద్దు. ముందురోజు లాన్‌ని బాగా తడపండి, బురదగా మాత్రం కాదు. స్ప్రింక్లర్ హెడ్ల మీదికి పోనివ్వకుండా వాటి దగ్గర జెండాలు గుచ్చండి.

చెంచాలు నేలలో ఉండగా గట్టిగా మలుపు తిప్పితే గడ్డి చిరుగుతుంది, చెంచాలు వంగుతాయి. లివర్‌తో పైకెత్తాకే తిరగాలి, డ్రైవ్‌వే దాటాలి. బరువుంటే ఆ లివర్ విసురుగా వస్తుంది, చెయ్యి వదలొద్దు. వాలులో అడ్డంగా కాకుండా పైకీ కిందికీ, నెమ్మదిగా లాగండి. మోవర్‌కి తగిలించే హిచ్ పిన్‌కి క్లిప్ తప్పనిసరి.

పనయ్యాక మట్టి కడిగి, ఆరబెట్టి, చెంచాలకి నూనె రాయండి. తడిమట్టితో వదిలేస్తే తుప్పే. చెంచాల బోల్టులు అదురుకి వదులవుతాయి, ప్రతిసారీ బిగించాలి. ఈ పనికి సరైన సమయం బెర్ముడా గడ్డికి మే, జూన్; ఫెస్క్యూ గడ్డికి సెప్టెంబరు.