స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగులు: కొన్నేళ్లు వాడాక నా మాట

నా బండి 2018 మోడల్ స్విఫ్ట్, పెట్రోల్. టైర్లు 185/65 ఆర్15. తిరిగేది ఎక్కువగా హైదరాబాద్‌లోనే. అప్పుడప్పుడు విజయవాడ హైవే, వీలు చిక్కితే శ్రీశైలం. బండిని కిందకి దించే స్ప్రింగులు వేయించి కొన్నేళ్లవుతోంది. మొదట్లో కంపెనీ షాక్ అబ్జార్బర్లతోనే నడిపాను. ఆ తర్వాత స్ప్రింగుల గట్టిదనానికి తగ్గ షాక్‌లు మార్చాను. రెండు రకాలుగానూ బాగా వాడాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. హ్యాండ్లింగ్ కోసమే అయితే డబ్బు ముందు మంచి టైర్ల మీద, తర్వాత షాక్‌ల మీద పెట్టండి. స్ప్రింగుల వంతు ఆ తర్వాతే. అందం కోసమంటారా, అది వేరే లెక్క. టైరుకీ వీల్ ఆర్చ్‌కీ మధ్య ఆ ఖాళీ తగ్గితే బండికొచ్చే కళే వేరు. పార్కింగ్‌లో పెట్టి వెళ్తూ వెనక్కి తిరిగి చూసుకోని రోజు లేదు.

దించింది సుమారు 35 మిల్లీమీటర్లు. తేడా మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. స్టీరింగ్ కాస్త తిప్పగానే ముక్కు తిరుగుతుంది. బాడీ పక్కకి ఒరగడం బాగా తగ్గింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారినప్పుడు ఒక్కసారిగా కుదురుకుంటుంది. ఇదంతా బండి కిందకి దిగినందుకే అనుకుంటారు చాలామంది. నిజానికి ఇందులో పెద్ద వాటా స్ప్రింగు గట్టిదనానిదే. కారు గురుత్వ కేంద్రం నేలకి అర మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అందులో 35 మిల్లీమీటర్లు తగ్గితే మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదకి మారే బరువు తగ్గేది మహా అయితే నూటికి ఆరేడు పాళ్లు.

పైగా దించినందుకు ఒక నష్టం కూడా ఉంది. స్విఫ్ట్‌కి ముందు వైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ ఒకే నిలువు కాడగా ఉండి, కింద చక్రాన్ని లోయర్ ఆర్మ్ అనే అడ్డ కడ్డీ పట్టుకునే అమరిక. బండిని దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకెక్కుతుంది. అలా ఎక్కినకొద్దీ, మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందకి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే బాడీని ఒరగదోసే బలానికి పట్టు పెరిగినట్టే. గట్టి స్ప్రింగు దాన్ని ఆపుతోంది కాబట్టి మనకి తెలియదు. ఆర్మ్ ఆ కోణంలో ఉన్నప్పుడు బయటి టైరు మలుపులో లోపలికి వాలే గుణం కూడా తగ్గి, అంచు మీద భారం పడుతుంది. అందుకే ఇంకా దించుదాం అనే స్నేహితులకి నేను వద్దనే చెబుతాను. 30, 35 దాటితే వీధి కారుకి లాభం కంటే తలనొప్పే ఎక్కువ.

అసలు గుట్టు బయటపడేది శ్రీశైలం దారిలో. మన్ననూరు దాటాక అడవిలో రోడ్డు నున్నగానే ఉంటుంది, అక్కడ బండి మహారాజులా పోతుంది. దోమలపెంట నుంచి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మాత్రం మలుపు మధ్యలో ప్యాచ్ వేసిన చోట్లు తగులుతాయి. కంపెనీ షాక్‌లతో ఉన్నప్పుడు, అలాంటి ప్యాచ్ మీద బయటి ముందు చక్రం పడగానే స్ప్రింగు అణిగి, బంప్ స్టాపర్‌కి, అంటే సస్పెన్షన్ ఇక అణగకుండా ఆపే రబ్బరు దిమ్మకి తగిలేది. అప్పటిదాకా మెత్తగా పనిచేస్తున్న సస్పెన్షన్ ఆ క్షణాన బిగుసుకుపోతుంది. ముందు టైరు పట్టు సడలి, బండి గీసిన గీత వదిలేసి బయటికి జరుగుతుంది. ఆ వెంటనే స్ప్రింగు ఎగదన్నుతుంది. దాన్ని పట్టి ఆపాల్సిన షాక్‌కి అంత బలం లేదు, అది మెత్తని స్ప్రింగు కోసం చేసినది. దాంతో ఒకటికి రెండుసార్లు ఎగిరి గానీ బండి కుదురుకోదు. తిన్నని రోడ్డు మీద రేసు కారు, గతుకుల మలుపులో మామూలు కారు కంటే అధ్వానం.

షాక్‌లు మార్చాక అదే ఘాట్, అదే ప్యాచ్. చక్రం పడుతుంది, లేస్తుంది, అంతే. రెండో ఎగురుడు లేదు. స్టీరింగ్ సరిదిద్దుకోవాల్సిన పని లేదు. ఖర్చు స్ప్రింగుల కంటే చాలా ఎక్కువే అయింది, కానీ ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనిపించింది ఇక్కడే.

వెనక వైపు పెద్దగా చెప్పుకోవడానికి లేదు. టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, మనం సరిచేసుకునేది దాదాపు ఏమీ ఉండదు.

అలైన్‌మెంట్ సంగతి వేరు. ఎత్తు మారితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారుతుంది, దాంతో టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది. కొత్త స్ప్రింగులు కాస్త వాడకంలో పడి కూర్చున్నాక మళ్లీ మారుతుంది. వేసిన రోజు ఒకసారి, కొన్ని వారాలకి ఇంకోసారి చేయించాల్సిందే. అలైన్‌మెంట్ షాపు కుర్రాడు చక్రం పక్కకి తిప్పి, "అన్నా, లోపల్నుంచి తింటున్నది చూడు" అని చూపించాడు. నిలబడి చూస్తే కొత్త టైరులాగే ఉంది. అరచేత్తో అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా జారుతుంది, తిరిగి రాస్తే ప్రతి బ్లాకు అంచూ చేతికి గీరుకుంటుంది. అది టో తప్పిందని టైరు చెప్పే మాట. బండి దించినవాళ్లు నెలకోసారైనా ఇలా చెయ్యి పెట్టి చూసుకోవాలి, లోపలి అంచు మామూలుగా కంటికి కనపడదు.

ఇక రోజువారీ బతుకు. కంపెనీ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, నాకు మిగిలింది 128 దరిదాపుల్లో. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే ఏ గొడవా లేదు. మన కాలనీల్లో ఉండేవి ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మలు! నలుగురు ఎక్కితే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దిగేచోట బంపర్ కింద గీతలు పడని వారం లేదు. వానాకాలంలో నీళ్లు నిలిచిన గుంత లోతు తెలియక టెన్షన్. వెనక సీట్లో కూర్చున్న అమ్మ మొదటి రోజే తేల్చేసింది: "ఏరా, ఇది కారా, ఎడ్ల బండా?" కొత్త షాక్‌లతో కాస్త మెత్తబడింది గానీ, నడుం నొప్పి ఉన్నవాళ్లని ఎక్కించుకునేవాళ్లు ఈ జోలికి రాకపోవడమే మంచిది.

ఇంకో మాట, వెనక స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు. నలుగురితో సామాన్లతో వెళ్లేవాళ్లకి చవకలో ఎత్తు నిలబెడతాయి. కానీ ఒక చుట్టు పనిచేయకుండా ఆపి స్ప్రింగుని గట్టిపరుస్తాయి కాబట్టి, ఖాళీ బండి వెనక భాగం గతుకుల్లో ఎగురుతుంది. తడి రోడ్డు మీద మలుపులో అది ప్రమాదం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. స్ప్రింగులు మార్చే ముందే ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడుకోండి, వారంటీలో ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌లో కూడా. పాత స్ప్రింగులు, షాక్‌లు స్క్రాప్‌కి వేయకండి. నావి బస్తాలో కట్టి అటక మీద ఉన్నాయి. అమ్మేటప్పుడు తిరిగి బిగించే ఇస్తాను, కొనేవాళ్లలో ఎక్కువమంది అడిగేది అదే.