నెల రోజులు వేసి చూసిన జాలీ బనియన్

మాది బండారులంక. పగలంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే పని. షుగరుందని డాక్టరుగారు చెప్పాక తెల్లారగట్ల కాలవ గట్టు మీద అయిదు కిలోమీటర్లు పరిగెడుతున్నాను. మన కోనసీమ ఉక్క సంగతి చెప్పక్కర్లేదు కదండీ. నూలు బనియన్ రెండో కిలోమీటరుకే తడిసి ఒంటికి అతుక్కుపోయేది. చంకలు ఒరుసుకుపోయి, స్నానం చేస్తే భగ్గుమనేవి. నూలు మాకు అన్నం పెట్టేదే, కాదనను. కానీ చెమట పీల్చిందంటే వదలదు.

అందుకని అమలాపురంలో ఒక స్పోర్ట్స్ కొట్లో 450 రూపాయలు పెట్టి పాలిస్టర్ జాలీ బనియన్ కొన్నాను. నాన్న రెండు వేళ్లతో నలిపి చూసి, "బట్ట కొన్నావా, వల కొన్నావా?" అన్నారు.

ఇలాంటిది వేసుకునే ఒకాయన మారథాన్లు గెలిచారని మా మేనల్లుడు ఫోన్లో చూపించాడు. రాన్ హిల్, ఇంగ్లండాయన. 1938లో అక్రింగ్టన్‌లో పుట్టారు, అదీ నూలు మిల్లుల ఊరే. బట్టల రసాయనశాస్త్రంలో డాక్టరేటు! 1970లో బోస్టన్‌లో 2 గంటల 10 నిమిషాల 30 సెకన్లకి గెలిచి, అదే ఏడు ఎడిన్‌బరో కామన్వెల్త్ పోటీల్లో 2:09:28కి గెలిచారు. పరుగు బట్టల వ్యాపారం పెట్టిందీ ఆ ఏడే. 1964 డిసెంబరు నుంచి 2017 జనవరి దాకా రోజూ కనీసం మైలు. కాలికి ఆపరేషనైతే ఊతకర్రలతోనే ఆ మైలూ పూర్తిచేశారట. నేనా, నాలుగు చినుకులు పడితే దుప్పటి లాగేసుకునే రకం.

సరే, బనియన్ సంగతి. గట్టు మీద గాలి తిరిగితే వీపు చల్లబడుతోంది, చంకల మంట పోయింది. తీగ మీద వేస్తే టీ తాగేలోపు ఆరిపోతుంది. కుట్టే దరిద్రం! పన్నెండో రోజుకే చంక దగ్గర అంచు ఊడింది. తిరగేసి చూస్తే అంగుళానికి నాలుగే కుట్లు, దారం కొసకి ముడి కూడా లేదు. పట్టుకెళ్తే "ఉతికేశారు కదండీ, తీసుకోం" అన్నారు. పన్నెండు రోజులు ఉతక్కుండా ఎవడేసుకుంటాడు? మా ఆవిడ మిషను మీద రెండు వరసలు వేసింది, మళ్లీ కదల్లేదు. ఇంకోటి, విప్పిన వెంటనే ఉతక్కపోతే సాయంత్రానికి ఎండుచేపల కంపే.

బట్టకి అయిదుకి నాలుగు, కుట్టుకి ఒకటి, కొట్టుకి సున్నా. రెండోది వేరే కొట్లో, తిరగేసి చూసి మరీ కొన్నాను. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చూస్తే, పాతది నాన్న ఒంటి మీదుంది.