రెండు ఓఎస్‌ల సిస్టమ్‌లో డిఫాల్ట్ ఎక్కడ పెట్టాలి? ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తున్నా. ఒకే సిస్టమ్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) అనే రెండు ఓఎస్‌లూ ఉండి, దాన్ని ఇంట్లో అందరూ వాడుతుంటే, ఆన్ చేయగానే ఏది రావాలి అన్నది గ్రబ్ మెనూలో (ఏ ఓఎస్ కావాలో అడిగే, ఉబుంటుతో వచ్చే సాఫ్ట్‌వేర్) సెట్ చేయకండి, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగుల స్క్రీన్) ఉండే బూట్ ఆర్డర్‌లో, అంటే ఏది ముందు తెరుచుకోవాలనే వరుసలో సెట్ చేయండి. గ్రబ్ మంచి సాఫ్ట్‌వేరే, దాని మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ మెనూ అంటే ఏమిటో తెలియనివాళ్లు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేనివాళ్లు వాడే సిస్టమ్‌కి అది సరిపోదు. గ్రబ్‌లో నంబర్ పెట్టి వాడాను, చివరిసారి తెరిచినదే మళ్లీ తెరుచుకునేలా పెట్టి వాడాను, ఇప్పుడు బూట్ ఆర్డర్‌తో వాడుతున్నాను. ఒక్కోటీ నెలల తరబడి మా ఇంట్లో నడిచింది కాబట్టి వివరంగా రాస్తున్నా.

మాది మల్కాజిగిరి. సిస్టమ్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో అసెంబుల్ చేయించుకున్నది, అందులో ఒకటే ఎస్ఎస్‌డీ, దాన్నే పార్టిషన్లు చేసి రెండు ఓఎస్‌లూ వేశాను. నాన్నకి షాపు లెక్కలు టాలీలో ఉంటాయి, టాలీకి విండోస్ కావాలి. ప్రతి నెలా 11 వచ్చిందంటే జీఎస్‌టీఆర్-1, 20 వచ్చిందంటే జీఎస్‌టీఆర్-3బీ, ఈ పన్ను రిటర్నుల కోసం ఆ రోజుల్లో పొద్దున్నే కూర్చుంటారు. చెల్లికి ప్రాజెక్ట్ రిపోర్టులు, ప్రింటర్. నాకు ఉబుంటు, పని మొత్తం అందులోనే, ఎక్కువగా రాత్రి పూట. ఇలాంటి ఇళ్లు హైదరాబాద్‌లో చాలా ఉంటాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేశాక, విండోస్ 11కి ప్రాసెసర్ సరిపోని పాత సిస్టమ్‌ల పక్కన లినక్స్ వేసుకుంటున్నవాళ్లు నా స్నేహితుల్లోనే పెరిగారు. వాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే: ‘ఆన్ చేయగానే ఏది రావాలో ఎక్కడ సెట్ చేయాలి?’

చాలామంది మొదట వెతికేది విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల టూల్. అందులో బూట్ ట్యాబ్, డిఫాల్ట్ బటన్, కింద 30 సెకన్ల టైమౌట్ అన్నీ కనిపిస్తాయి. కానీ ఇప్పటి యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) సిస్టమ్‌లలో ఆ ట్యాబ్‌లో మామూలుగా కనిపించేవి విండోస్‌లే. విండోస్ 10, 11 పక్కపక్కన ఉంటే దాంతో డిఫాల్ట్ మార్చుకోవచ్చు, ఉబుంటు మాత్రం అక్కడ కనిపించదు. అది కనిపించట్లేదని ఉబుంటు పోయిందనుకుని టెన్షన్ పడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. అది పోలేదు, దాని ఎంట్రీ వేరేచోట ఉంది, అంతే.

ఇక గ్రబ్. ఉబుంటులో ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, దాని లోపల గ్రబ్ అనే ఫైల్. అందులో గ్రబ్-డిఫాల్ట్ అనే లైన్‌లో 0 ఉంటుంది, అంటే మెనూలో మొదటిది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఎడిట్ చేసి సేవ్ చేశాక అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టాలి, లేకపోతే మార్పు మెనూలోకి ఎక్కదు. విండోస్ మూడో వరుసలో ఉంటే అక్కడ 2 వేస్తే అయిపోయింది అంటారు అందరూ. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది కూడా. కొత్త కెర్నల్‌లు (ఉబుంటుకి గుండెకాయ లాంటి భాగం) వచ్చినా ఇబ్బంది ఉండదు, ఉబుంటు వాటిని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే ఉపమెనూలో పెడుతుంది కాబట్టి పై వరుసలు కదలవు. కానీ ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ లాంటిది వేశామంటే అది విండోస్ కంటే ముందు వరుసలోకి వచ్చి కూర్చుంటుంది, నంబర్ జరిగిపోతుంది. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసిన మనిషికి టాలీ బదులు నల్ల స్క్రీన్ మీద ర్యామ్ పరీక్ష కనిపిస్తే ఎలా ఉంటుంది చెప్పండి.

గ్రబ్‌లోనే ఉండాలనుకుంటే నంబర్ వద్దు, ఐడీ వాడండి. గ్రబ్ మెనూ ఫైల్‌లో విండోస్ ఎంట్రీ పక్కన ఓఎస్‌ప్రోబర్-ఈఎఫ్ఐ అని మొదలై, ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) యూయూఐడీతో, అంటే దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో ముగిసే పేరు ఒకటి ఉంటుంది. నంబర్ మారినా, ఇంకో డిస్క్ తగిలించాక డ్రైవ్ పేరు మారినా ఆ ఐడీ మారదు. మెనూలో కనిపించే పూర్తి పేరు పెట్టమని కొందరు చెబుతారు కానీ, ఆ పేరులోనే డ్రైవ్ పేరు కూడా ఉంటుంది, అది మారితే మళ్లీ మొదటికే. ఇంకో సంగతి, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు, భద్రత కోసం. మెనూలో విండోస్ అసలు కనిపించకపోతే అదే ఫైల్‌లో డిసేబుల్-ఓఎస్-ప్రోబర్ లైన్‌ని ఫాల్స్ చేసి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి.

తర్వాత కొన్నాళ్లు సేవ్డ్ పద్ధతి. గ్రబ్-డిఫాల్ట్ దగ్గర సేవ్డ్ అని రాసి, గ్రబ్-సేవ్‌డిఫాల్ట్ లైన్‌ని ట్రూ చేస్తే, చివరిసారి ఏది తెరిచామో అదే మళ్లీ తెరుచుకుంటుంది. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కి ఇంతకంటే మంచిది లేదు, మనస్ఫూర్తిగా చెబుతున్నా. ముఖ్యంగా విండోస్ అప్‌డేట్‌ల విషయంలో. పెద్ద అప్‌డేట్ మధ్యలో సిస్టమ్ దానంతటదే రెండు మూడు సార్లు రీస్టార్ట్ అవుతుంది కదా, డిఫాల్ట్ ఉబుంటు అయితే మొదటి రీస్టార్ట్‌కే ఉబుంటులోకి వచ్చేస్తుంది, అక్కడ అప్‌డేట్ సగంలో నిలిచిపోతుంది. సేవ్డ్ పెడితే ప్రతిసారీ విండోస్‌కే తిరిగి వెళ్తుంది, పని పూర్తవుతుంది. ఒక హెచ్చరిక: గ్రబ్ తన ఫైల్‌ని డిస్క్ మీద తనే రాసుకోగలిగితేనే ఇది పనిచేస్తుంది. ఉబుంటులో మామూలుగా ఉండే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మీద సమస్య లేదు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎల్‌వీఎం లాంటి వేరే డిస్క్ ఏర్పాట్ల మీద బూట్ ఫోల్డర్ ఉంటే ఇబ్బంది పెడుతుంది.

మరి మా ఇంట్లో ఇదెందుకు నిలవలేదంటే, రాత్రి నేను ఉబుంటు వాడి ఆపేస్తే పొద్దున నాన్నకి ఉబుంటు వస్తుంది. ఆయన నాకు ఫోన్ చేస్తారు, నేను అప్పటికి మెట్రోలో నిలబడి ఉంటాను. ‘ఏదో ఊదారంగు స్క్రీన్ వచ్చిందిరా, నా లెక్కలేవీ?’ అని ఆయన అడుగుతుంటే జవాబు చెప్పడం నాకు కష్టమేమీ కాదు, రీస్టార్ట్ చేసి బాణం కీతో కిందికి రండి అంటే సరిపోతుంది. కానీ ఆయన తన సొంత లెక్కలు చూసుకోవడానికి నాకు ఫోన్ చేయాల్సి రావడం నాకు నచ్చలేదు. డిఫాల్ట్ అనేది ఎంచుకోవడం తెలియని మనిషికి ఉండాల్సిన సౌకర్యం. ఎంచుకోవడం తెలిసినవాడు ఇంకో మీట నొక్కుకుంటాడు. ఈ ఒక్క మాట పట్టుకున్నాకే నాకు దారి దొరికింది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో మదర్‌బోర్డ్ చిప్‌లోనే బూట్ ఎంట్రీల జాబితా ఉంటుంది: విండోస్ బూట్ మేనేజర్ ఒకటి, ఉబుంటు ఒకటి. ఉబుంటు వేసినప్పుడు అది తనని మొదట పెట్టుకుంటుంది, అందుకే గ్రబ్ మెనూ ముందు వస్తుంది. ఆ వరుసని మార్చి విండోస్ బూట్ మేనేజర్‌ని పైన పెట్టాను. బయోస్ స్క్రీన్‌లోకి వెళ్లి మార్చొచ్చు, లేదా ఉబుంటు టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ అని కొడితే ప్రతి ఎంట్రీ పక్కన 0000, 0003 లాంటి నంబర్ కనిపిస్తుంది, మైనస్ ఓ ఆప్షన్ ఇచ్చి మనకి కావలసిన వరుసలో ఆ నంబర్లు రాస్తే చాలు. ఇప్పుడు ఆన్ చేస్తే నేరుగా విండోస్, మెనూ లేదు, 10 సెకన్ల ఎదురుచూపు లేదు. గ్రబ్‌లో డిఫాల్ట్ మళ్లీ 0, అంటే ఉబుంటే. గ్రబ్‌కి విండోస్ సంగతే అక్కర్లేదు, ఓఎస్-ప్రోబర్ ఆఫ్‌లోనే ఉంచాను.

నాకు ఉబుంటు కావాలంటే? సిస్టమ్ ఆపి ఉంటే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కుతాను, అది కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్ ఇలా మారుతుంది. విండోస్ నడుస్తుంటే డెస్క్‌టాప్ మీద ‘ఉబుంటు’ అని ఒక ఐకాన్ పెట్టాను, అదే ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది. ఒక బ్యాచ్ ఫైల్, అందులో రెండే లైన్లు. మొదటి లైన్‌లో బీసీడీఎడిట్ కమాండ్‌తో ఎఫ్‌డబ్ల్యూబూట్‌ఎంజీఆర్ కింద బూట్‌సీక్వెన్స్ దగ్గర ఉబుంటు ఐడెంటిఫయర్ ఇస్తాం, రెండో లైన్ సిస్టమ్‌ని రీస్టార్ట్ చేస్తుంది. ఆ ఐడెంటిఫయర్ కోసం అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్ ఈనమ్ ఫర్మ్‌వేర్ కొడితే పొడుగ్గా కర్లీ బ్రాకెట్లలో కనిపిస్తుంది. ఫైల్‌ని అడ్మిన్‌గానే రన్ చేయాలి, పవర్‌షెల్‌లో కొట్టేవాళ్లు ఆ బ్రాకెట్లని కోట్స్‌లో పెట్టాలి. ఇది ఒక్కసారికే పనిచేస్తుంది, తర్వాతి రీస్టార్ట్‌కి వరుస మళ్లీ మామూలే. ఆఫీసులో ఉండి ఇంటి సిస్టమ్‌లోకి లాగిన్ కావాల్సి వస్తే చెల్లికి ఫోన్ చేసి ‘ఆ ఐకాన్ ఒకసారి నొక్కమ్మా’ అంటాను, కప్పు టీ తాగేలోపు ఉబుంటు వచ్చి ఉంటుంది. ఉబుంటులో ఉండి మళ్లీ ఉబుంటులోకే రీస్టార్ట్ కావాలంటే ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్‌లో మైనస్ ఎన్, పక్కన నంబర్.

దీనివల్ల ఇంకో లాభం బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) విషయంలో. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హార్డ్‌వేర్ సరిపోయినచోట డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది. ఆ స్థితిలో విండోస్‌ని గ్రబ్ గుండా తెరిస్తే, బూట్ అయిన దారి మారిందని టీపీఎం అనే భద్రతా చిప్ గమనించి 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. విండోస్ తన దారిన తను తెరుచుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. అయినా సరే బూట్ ఆర్డర్ ముట్టుకునే ముందు ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బయోస్ అప్‌డేట్ చేశాక నా వరుస చెరిగిపోయింది, మళ్లీ పెట్టాను. కొన్ని మదర్‌బోర్డ్‌లు మనం పెట్టిన వరుసని పట్టించుకోవు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు, గ్రబ్ ఐడీ పద్ధతే దిక్కు. కరెంటు సంగతి కూడా ఉంది. వానాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే మా వైపు కరెంటు పోవడం మామూలే, బయోస్‌లో ‘కరెంటు రాగానే ఆన్ అవ్వాలి’ అనే సెట్టింగ్ పెట్టి ఉంటే, ఉబుంటులో నడుస్తున్న నా పని ఆగిపోయి సిస్టమ్ విండోస్‌లో లేస్తుంది. దానికి బూట్ సెట్టింగులు మందు కాదు, యూపీఎస్ కొన్నాను. ఉబుంటు లేస్తుండగా కరెంటు పోతే, తర్వాతిసారి గ్రబ్ మెనూ 30 సెకన్లు ఆగుతుంది, టైమౌట్ మనం ఎంత తక్కువ పెట్టినా సరే. అది పాడవడం కాదు, పోయినసారి బూట్ పూర్తి కాలేదని గుర్తుపెట్టుకుని మనకి ఎంచుకునే అవకాశం ఇస్తుంది. అదే ఫైల్‌లో రికార్డ్‌ఫెయిల్-టైమౌట్ అనే లైన్ కలిపి తగ్గించుకోవచ్చు.

డిఫాల్ట్ ఏది పెట్టినా సరే ఇంకో రెండు పనులు చేయాలి. ఒకటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు ఉబుంటులోంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడానికే వీలవుతుంది, రాయడానికి కుదరదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం పూర్తిగానే ఆగుతుంది, అందుకే నా ఐకాన్‌తో వెళ్తే ఈ ఇబ్బంది రాదు.

రెండోది గడియారం. విండోస్ మదర్‌బోర్డ్ గడియారాన్ని మన టైమ్‌గా చదువుతుంది, ఉబుంటు యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, దాంతో ఉబుంటు వాడి విండోస్‌కి వస్తే గడియారం సరిగ్గా 5:30 గంటలు వెనక్కి పోతుంది. ఇంటర్నెట్ తగిలాక సర్దుకుంటుంది కానీ, వైఫై రాకముందే బిల్లు కొడితే? ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒక్క కమాండ్ కొడితే అది కూడా మన టైమ్‌లోనే రాస్తుంది. ఇలా చేయడం సరైనది కాదని ఆ కమాండే హెచ్చరిస్తుంది. కానీ ఆ హెచ్చరికలో పెద్ద భాగం వేసవికి గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల గురించి. మనకి ఏడాదంతా ఒకటే టైమ్. అందుకే నేను అలాగే పెట్టాను, ఇప్పటివరకు నాన్న బిల్లుల మీద టైమ్ తప్పు పడలేదు.

కొత్తగా కొనేవాళ్లకి, కుదిరితే రెండు ఎస్ఎస్‌డీలు పెట్టించుకోండి, ఒక్కోదాంట్లో ఒక్కో ఓఎస్, ఒక్కోదానికి దాని సొంత ఈఎఫ్ఐ పార్టిషన్. ఉబుంటు ఇన్‌స్టాలర్ తన బూట్‌లోడర్‌ని మొదటి డిస్క్‌లో ఉన్న విండోస్ పార్టిషన్‌లోనే పెట్టేసే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ఉన్న డిస్క్‌ని బయోస్‌లో ఆపేయండి, లేదా షాపులోనే విప్పి ఉంచమనండి. అయిపోయాక తగిలించి, ఇంట్లో ఎక్కువమంది వాడే డిస్క్‌ని వరుసలో పైన పెట్టండి. మా స్నేహితుడి సిస్టమ్‌కి పోయిన దసరా సెలవుల్లో ఇలాగే చేసి ఇచ్చాను, ఇంతవరకు ఒక్క ఫోన్ రాలేదు.